వద్దు వద్దు గిన్నె కడిగేశా

సూట్‌కేసు మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. పిట్ట ఒక్కో బట్టా మడతపెట్టి అందులో సర్దుతోంది. మడత వంకరపోతే విప్పి మళ్ళీ పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడి పది నిమిషాలైంది, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

దిండు పక్కన దాని ఫోను. పొద్దున్న ఏడింటికి వచ్చిన మెసేజీ ఇంకా తెర మీదే ఉంది. "మన పాట చూశాను. బాగుంది. నాలుగింటికి వస్తా. సిద్ధంగా ఉండు." దాని కింద పాట వీడియో ముక్క అతికించి ఉంది. నేను దాన్ని నొక్కలేదు. చెవుల్లో పడుతున్నది చాలదా, కళ్ళతో కూడా చూడాలా.

పంపింది దాని మొగుడు. పళ్ళ డాక్టరు. ఆయన చెయ్యి మహా మెత్తన అని పేరు, పన్ను పీకితే పీకినట్టే తెలియదట. నాలుగు నెలల క్రితం పిట్ట మా తలుపు తట్టినప్పుడు ఎడమ మోచెయ్యి వాచి నల్లబడి ఉంది. ఆ మెత్తని చెయ్యి చేసిన పనే అది.

మన పాట అన్నాడు చూడండి. ఎక్కడ పుట్టిన పాటో వాడికి తెలిసిపోయింది. తెలియక ఏం చేస్తుంది, ఆ మాటలు పుట్టించినవాడు వాడే.

సరిగ్గా అప్పుడే కింద సైకిల్ రిపేరు షాపులో రేడియో మొదలైంది. వద్దు వద్దు గిన్నె కడిగేశా, చూడు చూడు మళ్ళీ కడిగేశా. ప్రతి వద్దుకీ ఒక పెద్ద డ్రమ్ము దెబ్బ. షాపతను ఊరుకోడు, రెంచి తీసుకుని చక్రం మీద తనూ ఒకటి వేస్తాడు.

దెబ్బ పడ్డప్పుడల్లా పిట్ట భుజం కొంచెం ఎగురుతోంది. అది దానికే తెలియదు. చేతులు మాత్రం మడతలు పెడుతూనే ఉన్నాయి.

వెళ్ళి కిటికీ వేశాను. మా ఆయన చెల్లెలు ఇది, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. చిన్నప్పుడు ఏరుకుని ఏరుకుని నాలుగు మెతుకులు తినేదని పిట్ట అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. నా పెళ్ళినాటికి ఇంకా బడికి వెళ్ళే పిల్ల. దాని జడలు నేను వేసినవే.

ఎక్కడికి వెళ్దామని ఈ సర్దుడు అని అడిగాను. అక్కడికే అంది. నీకు మతిపోయిందా అన్నాను. మెల్లగా సూట్‌కేసు మూత మీద చెయ్యి వేసి కూర్చుంది.

"అక్కడ వాడొక్కడే వదినా. తలుపేసుకుని కొట్టేవాడు. ఇక్కడ వీధి వీధంతా తాళమేస్తోంది."

నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. నిన్న బోర్డు వైపు తిరిగేసరికి వెనక ఎనిమిదో తరగతి వెధవలు బల్లల మీద అదే దరువు. కర్ర పట్టుకుని తిరిగాను, మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. పిల్లలు కదా, వాళ్ళకేం తెలుసు, వాళ్ళని అని ఏం లాభం. ఇవాళ సెలవు పెట్టేశాను.

మా ఆయన పాట కట్టిన ఆ సినిమా శుక్రవారం విడుదల. ఇవాళ మంగళవారం. నాలుగింటిలోగా ఆ ముక్క పాటలోంచి తీయించేస్తాను, ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా మార్పిస్తాను, అప్పటిదాకా ఈ ఇల్లు కదలొద్దు అన్నాను. అది నా మొహంలోకి చూసింది.

"అన్నయ్య తీస్తాడా?"

"ఎందుకు తియ్యరు? నీ అన్నయ్యే కదా."

"తీస్తే ఉంటాను" అంది పిట్ట. అని, మళ్ళీ ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది.

*

ముందు గదిలో మా ఆయన కీబోర్డు ముందు కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నారు. ముంచి, అది విరిగి కప్పులో పడిపోతే చెంచాతో తీసుకుని తింటున్నారు. రెండో చేతిలో ఫోను. పాటని ఎంతమంది చూశారో అంకె పెరుగుతుంటే కళ్ళు చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు వెలుగుతున్నాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆ మొహం చూస్తున్నాను. ఇవాళ మాత్రం చూడబుద్ధి కాలేదు.

మెసేజీ సంగతి చెప్పాను. సూట్‌కేసు సంగతి చెప్పాను. చెంచా కప్పులో పెట్టి, వాడి బొంద, వస్తే మెట్ల మీంచి తోసేస్తాను అన్నారు. వాణ్ణి తోయడం తర్వాత, ముందు ఆ మాట తీసెయ్యండి అన్నాను. అంతే, మనిషి తేలు కుట్టిన దొంగలా అయిపోయారు.

కప్పు పక్కకి జరిపి చెప్పడం మొదలుపెట్టారు. తీయడానికి వీల్లేదట. పాట షూటింగ్ అయిపోయిందట. హీరోయిన్ పెదాలు ఆ మాటలకే కదిలాయట. "వద్దు" అన్నచోట పెదాలు ముందుకొచ్చి గుండ్రంగా అవుతాయట, అక్కడ "ముద్దు" అని పెట్టామనుకో, పెదాలు ముందు మూసుకోవాలి, తెర మీద మూసుకోలేదు, జనం పట్టేస్తారట. "గిన్నె" దగ్గర పెదాలు పక్కలకి సాగాలట. చివర నోరు బారెడు తెరుచుకోవాలట. ఇన్ని కుదిరే మాట ప్రపంచంలో లేదట.

"వారం రోజులుగా అదే పనిలో ఉన్నాను. నిద్ర కూడా లేదు నాకు" అన్నారు.

నిద్ర సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండేది.

మా ఇంట్లో పెళ్ళైన కొత్తలోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఆయన ట్యూన్ కడుతున్నప్పుడు ఆ దరిదాపుల్లో ఎవరూ మాట్లాడకూడదు. గొడవ అవుతుందని కాదు. ట్యూన్ ముందు పుడుతుంది, మాటలు తర్వాత వస్తాయి. ఆలోగా పాడి చూసుకోవడానికి ఏవో ఉత్తుత్తి మాటలు కావాలి, డమ్మీ అంటారు వాటిని. ఆయన చెవిలో ఏది పడితే అదే డమ్మీ. "పంపు కట్టెయ్, తడిసిపోతోంది" అని నేనరిచిన అరుపు ఒక విరహగీతానికి డమ్మీ అయింది. మా పాల లెక్క ఒక జోలపాటలో కూర్చుంది. నవ్వుకునేవాళ్ళం. డమ్మీ ఎలాగూ చచ్చిపోతుంది, అసలు మాటలు రాగానే చెరిపేస్తారు.

ఒకప్పుడు మాటలు వేరే ఆయన రాసేవాడు. ఆయనతో చెడ్డాక అవి కూడా ఈయనే రాసుకుంటున్నారు. డమ్మీ రాసేదీ ఈయనే, దాన్ని చంపాల్సిందీ ఈయనే.

పిట్ట వచ్చినప్పటి నుంచి ఒక్కతీ పడుకోలేకపోతోందని వెనక గదిలో దాని పక్కన నేను పడుకుంటున్నాను. ఒకరోజు తెల్లవారుజామున దాని గొంతు విని మెలకువ వచ్చింది. కళ్ళు మూసుకునే ఉంది. వద్దు, వద్దు, గిన్నె కడిగేశా, చూడు, మళ్ళీ కడిగేశా. అంతే. మళ్ళీ నిద్రపోయింది. పొద్దున్న దానికి ఏమీ గుర్తు లేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. ఆ ఉదయం టీ ఇవ్వడానికి ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన నాలుగు దెబ్బల దగ్గర ఇరుక్కుపోయి కీబోర్డు మీద వేళ్ళు కొట్టుకుంటున్నారు. కట్టుబాటు గుర్తుంది నాకు. గుర్తుండే చెప్పాను. పాపం మీ చెల్లెలు నిద్దర్లో ఇలా అందండీ అని.

జాలిపడే చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఆయన ఒక్క క్షణం నావంక చూశారు. తర్వాత వేళ్ళు కదిలాయి. నాలుగు దెబ్బలూ సరిగ్గా పడ్డాయి. నేను టీ అక్కడ పెట్టి వచ్చేశాను. డమ్మీయే కదా అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

"డైరెక్టర్ దగ్గరికి పదండి. పెదాలో గిదాలో నేనూ చూస్తాను" అన్నాను.

వద్దన్నారు, నీకెందుకన్నారు, పనివాళ్ళ ముందు పరువు పోతుందన్నారు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. చివరికి ఆయనా లేచారు. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి మరీ లేచారు.

*

ఎడిటింగ్ గది నేలకింద ఉంది. కిటికీ లేదు. చలిగా, పాత తివాచీ వాసన. బల్లనిండా సగం తాగి వదిలేసిన కాగితం కప్పులు, ఒకదాంట్లో సిగరెట్టు పీకలు నానుతున్నాయి. ఆ చీకట్లో కూడా డైరెక్టర్ నల్ల కళ్ళద్దాలు తియ్యడు. అందరూ ఆయన్ని నల్లద్దాలనే పిలుస్తారు, ఎదురుగా కూడా.

నల్లద్దాలు లేచి నాకు కుర్చీ వేశాడు. మీ ఆయన దెబ్బకి పరిశ్రమంతా గిన్నెలు కడుగుతోందమ్మా అన్నాడు. వాళ్ళావిడ కూడా ఇంట్లో గిన్నె కడిగేశా అని పాడుతోందట, పెళ్ళైన ఇన్నేళ్ళకి మొదటిసారి కడిగిందని దానికి తనే పగలబడి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. చెల్లెలు ఇంట్లో సూట్‌కేసు సర్దుకుంటుంటే ఈయన ఇక్కడ పళ్ళికిలిస్తున్నారు.

ఆ లైను మార్చమని అడగడానికి వచ్చానని చెప్పాను.

ఎందుకన్నాడు. బాగోలేదన్నాను. అదేమిటమ్మా, కష్టపడే ఆడవాళ్ళకి గౌరవం ఇచ్చాం కదా అన్నాడు. గౌరవమట. ఎవరి మాటలో చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. ఒకసారి ఈ నోట్లోంచి జారిందే ఇంత దూరం వచ్చింది. రెండోసారి కూడా పిట్ట బతుకుని నేనే బజార్లో పెట్టాలా. అందులోనూ వీడి ముందు. రేపు వీడు దాని మీద ఇంకో సినిమా తీస్తాడు.

"మీరు పాట పూర్తిగా చూడలేదనుకుంటా. చూస్తే మీకే నచ్చుతుంది" అని ఎడిటర్ వైపు చెయ్యి ఊపాడు.

ఎడిటర్ జుట్టు నెరిసిన మనిషి. మాట్లాడకుండా మీట నొక్కాడు.

తెరనిండా హీరోయిన్. వెనక యాభైమంది కంచాలు పట్టుకుని ఉన్నారు. వద్దు అనగానే హీరో చెయ్యెత్తుతాడు, డ్రమ్ము పడుతుంది, యాభై కంచాలూ మోగుతాయి. ఆ పిల్ల నవ్వుతూ ఎడమ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పక్కకి వాలుతుంది. మళ్ళీ వద్దు. మళ్ళీ చెయ్యి. మళ్ళీ మోచెయ్యి మొహం మీదికి.

ఆ మోచెయ్యి నాకు తెలుసు.

"స్టెప్పు అదిరింది కదమ్మా" అన్నాడు నల్లద్దాలు. డాన్స్ మాస్టర్‌కి మూడు గంటలు ఏమీ తోచలేదట. అప్పుడు మా ఆయనే సెట్లో లేచి నిలబడి, ఇలా పెట్టించండి అని చేసి చూపించారట. "ఆయనలో ఇంత కళ ఉందని మాకే తెలీదు."

నేను మా ఆయన వైపు తిరగలేదు. ఆయనకి ఆ మోచెయ్యి ఎలా తెలిసిందో నాకు తెలుసు. ఆ ఉదయం టీ పళ్ళెం కింద పెట్టి, పాపం ఇలా పడుకుందండీ అని, నా చెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని చూపించింది నేనే.

పెదాల సంగతేమిటి అని అడిగాను. ఆ పెదాలకి కుదిరే మాట దొరకట్లేదని మా ఆయన వారంగా నిద్ర మానుకున్నారట కదా అన్నాను.

ఎడిటర్ వెనక్కి తిరిగి ఆశ్చర్యంగా చూశాడు.

"లిప్ ఇబ్బందేమీ లేదమ్మా. మొదటి పూట అసలు లైనుతోనే తీశారు. మీవారు, మా మాస్టారు, రాసిచ్చిందే. మొత్తం ఉంది నా దగ్గర."

ఇంకో మీట నొక్కాడు. అదే పిల్ల, అదే గౌను, మోచెయ్యి లేదు, కంచాలు లేవు. ఊరికే నడుస్తూ పాడుతోంది. సద్దు లేక నిన్నే అడిగేశా, చూడు చూడు మళ్ళీ అడిగేశా. పెదాలకి మాటలు సరిపోయాయి. గొప్ప మాటలేం కావు. కానీ అందులో ఎవరి ఏడుపూ లేదు.

"మధ్యాహ్నం మాస్టారే సెట్‌కి వచ్చి, అది తీసెయ్యండి, డమ్మీయే ఉంచండి, అదే పట్టుకుంటుంది అన్నారు. అందుకని మళ్ళీ తీశారు" అన్నాడు ఎడిటర్. పాపం ఆయనకి దాచాల్సిన సంగతని తెలియదు. "మార్చడం అరగంట పని. మాస్టారు ఊ అంటే చాలు."

నల్లద్దాలు చేతులు చాచాడు. నాకు ఎలాగైనా ఒకటే, పాట ఎక్కేసింది, జనాన్ని హాలుకి తెచ్చే పని అది చేసేసింది, సినిమాలో ఏది పెట్టినా నాకు అభ్యంతరం లేదు, మాస్టారిష్టం అన్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. కానీ ఆ క్షణంలో వాడే నయమనిపించాడు నాకు.

ముగ్గురం మా ఆయన వైపు చూశాం. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"అనండి" అన్నాను.

యంత్రం ఒకటి మూలన గుర్రుమంటోంది. తెర మీద ఆ పిల్ల సగం తెరిచిన నోటితో ఆగిపోయి ఉంది.

"ఒక్క ఊ. అంతే కదా, అనండి."

"పదకొండేళ్ళు" అన్నారు ఆయన, తలెత్తకుండా. "పదకొండేళ్ళ తర్వాత ఒకటి తగిలింది. రోడ్డు మీద నడుస్తుంటే ఎవరో నా పాట పాడుతున్నారు. అదేమిటో నీకు అర్థం కాదు. శుక్రవారం కానీ. తర్వాత చూద్దాం."

పద్దెనిమిదేళ్ళలో ఆయన్ని ఏకవచనంలో పిలిచి ఎరగను. కోపంలో కూడా మీరు అనే తిట్టాను. అది గౌరవమో అలవాటో నాకే తెలియదు. ఏదైతేనేం, అక్కడ ఆ తివాచీ మీద పోయింది.

"శుక్రవారం దాకా అది ఉండదు. నాలుగింటిదాకానే ఉంటుంది. నీకు తెలుసు" అన్నాను. "తెలిసీ నువ్వు ఇలా కూర్చున్నావు."

నువ్వు అనేసరికి ఆయన చెంపదెబ్బ తిన్నట్టు తలెత్తారు. ఊ మాత్రం రాలేదు. ఎడిటర్ మర్యాదగా తెర వైపు తిరిగిపోయాడు.

నల్లద్దాలకి ఇది ఇంటి గొడవని అర్థమైంది, కానీ ఏ గొడవో అర్థం కాలేదు. గదిని తేలిక చేద్దామనుకున్నాడు కాబోలు, నాకు దగ్గరగా వంగి మాట్లాడాడు.

"ఈ హుక్కు, ఆ వద్దు వద్దు ముక్క, ఇంట్లోంచే వచ్చిందని చెప్పాడమ్మా మీ ఆయన. రెండో సగంలో ఇంకో పాట ఖాళీ ఉంది. మీ ఇంట్లో ఇలాంటివి ఇంకేమైనా ఉంటే ఇవ్వండి."

ఛీ అన్నాను. వాడికి వినపడేలాగే అన్నాను. ఎవరిని అన్నానో అడక్కండి. ఆ గదిలో ఉన్న మనుషుల్లో ఎడిటర్ ఒక్కడు తప్ప మిగతా ముగ్గురికీ అది చెందుతుంది.

*

ఇంటికి ఒక్కదాన్నే వచ్చాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. సాయంత్రానికి మార్చేస్తారట, అన్నయ్య అక్కడే కూర్చుని చేయిస్తున్నాడు అని చెప్దామనుకున్నాను. ఈ పూట గడిస్తే చాలు, వాడు వచ్చి వెనక్కి పోతే చాలు, రేపటి సంగతి రేపు. ఒక అబద్ధం కాకపోతే పది ఆడతాను.

మూడున్నర దాటింది. పిట్ట హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. సూట్‌కేసు మూసి కాళ్ళ దగ్గర నిలబెట్టి ఉంది. తల దువ్వుకుంది. పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టుంది.

వెళ్ళిన పని ఏమైందని అడగలేదు. నేను వల్లెవేసుకొచ్చిన అబద్ధం నోట్లోనే ఉండిపోయింది.

"ఆ వీడియో చూశావా వదినా?" అంది.

ఇప్పుడే చూశానన్నాను.

"నేను పొద్దున్నించి చూస్తున్నాను. ఎన్నిసార్లో లెక్కలేదు." ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉంది, తెర ఆర్పేసి. "నిద్దర్లో నేను మాట్లాడతానని నాకు తెలుసు. అక్కడ కూడా మాట్లాడేదాన్ని, దానికీ తిట్టేవాడు. మాట అంటే గోడలకి వినిపిస్తుంది. అన్నయ్య నీళ్ళ కోసం లేచి వెళ్తుంటే చెవిన పడి ఉంటుందిలే అనుకున్నాను. కావాలని చేసి ఉండడులే అనుకున్నాను."

నేను సూట్‌కేసు పక్కన నేలమీద కూర్చుండిపోయాను.

"ఆ చెయ్యి మాత్రం గోడలకి కనపడదు కదా వదినా" అంది పిట్ట. "అది చూడాలంటే గదిలో ఉండాలి. ఆ గదిలో ఉన్నది నువ్వూ నేనూ."

తిట్టినా బాగుండేది. గొంతు కూడా పెంచలేదు. నేను దానికి జడలేస్తూ లెక్కలు చెప్పేదాన్ని, తప్పు ఎక్కడుందో దొరికాక ఇదే గొంతుతో చెప్పేది, ఇక్కడ వదినా అని.

నేనే చెప్పాను అన్నాను. బాధపడి చెప్పానన్నాను. ఇలా అవుతుందనుకోలేదన్నాను. ట్యూన్ కడుతుంటే మాట్లాడకూడదని తెలిసి కూడా ఆ పొద్దున్న నోరు జారానన్నాను. అన్నీ చెప్పాను, ఒక్క పొరపాటుకి ఎన్ని మాటలు అడ్డం పెట్టొచ్చో అన్నీ పెట్టాను. అది వింటూనే ఉంది.

"చెయ్యి కూడా పెట్టి చూపించావా?"

తలూపాను.

"చూపించేటప్పుడు నవ్వావా?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. ఆ తెర మీద పిల్ల నవ్వుతుంది. మోచెయ్యి మొహం మీదికి తీసుకెళ్తూ నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో పిట్టకి కావాలి.

ఆ పొద్దున్న గుర్తు తెచ్చుకున్నాను. టీ పళ్ళెం కింద పెట్టాను. చూడండి మీ చెల్లెలు, పీడకలలో కూడా గిన్నెలేనట అన్నాను. చెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన నావంక చూశారు. ఆయన మొహంలో ఏముందో గుర్తులేదు. నా మొహంలో ఏముందో గుర్తుంది.

నాలుగు నెలలుగా దాని వంటి మీద మచ్చలకి మందు రాసినదాన్ని. దాని పక్కన పడుకున్నదాన్ని. నాకంటే ఆ పళ్ళ డాక్టరు నయం, వాడు కొడుతున్నానని తెలిసే కొట్టాడు.

"నవ్వాను" అన్నాను.

పిట్ట ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. లేచి నిలబడింది. సూట్‌కేసు పిడి కోసం చెయ్యి చాచింది. దాని కంటే ముందు నా చెయ్యి పిడి మీద పడింది. ఎప్పుడు పడిందో నాకే తెలియదు.

కింద కారు ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది, చుట్టుపక్కల ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు మెత్తగా.

"చెయ్యి తియ్యి వదినా."

తియ్యలేదు. తియ్యను, నన్ను ఏమన్నా అను, రేపటినుంచి నా మొహం చూడకు, కానీ ఈ గుమ్మం దాటకు అన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో నాకు తెలియదు.

పిట్ట పిడి మీద నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. చిటికెన వేలు విప్పింది. ఉంగరం వేలు విప్పింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తొందరేమీ లేదు, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. ఎక్కుతూ ఈల వేస్తున్నాడు. మొదట ఏం ఈలో పోల్చుకోలేదు. మొదటి అంతస్తు మలుపు తిరిగాక తెలిసింది. వద్దు వద్దు దగ్గర ఆగి, డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట, మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద తాళంచెవులతో ఒకటి వేశాడు.

నా వేళ్ళ మీద పిట్ట చెయ్యి ఆగిపోయింది. దాని ఎడమ మోచెయ్యి మొహం మీదికి లేచింది. నిలబడే ఉంది, కళ్ళు తెరిచే ఉంది. ఈల మా తలుపు దగ్గరికి వచ్చింది.